ఫిల్మోర్ ఈస్ట్ రికార్డు: అట్ట మీద ఉన్న పేర్లు, లేని పేర్లు

ఈ పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో పోరాటాల చరిత్ర, చట్టాల చరిత్ర చాలామంది అన్నలు, అక్కలు రాశారు. మేము ఈసారి ఒక పాటల బృందం చరిత్ర రాస్తున్నాం. అది మన దేశం బృందం కాదు. అమెరికాలో 1969లో మొదలైన ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్. వాళ్లు వాయించేది బ్లూస్ రాక్.

"మనకెందుకు ఇది?" అంటారేమో. ఈ బ్యాండ్‌కి పేరు తెచ్చిన రికార్డు తెరవగానే వినపడే గిటార్ తీరు వెనక ఒక ఆదివాసీ కళాకారుడు ఉన్నాడు. రికార్డు మీద మాత్రం ఆయన పేరు ఉండదు. అది ఎవరో దాచిపెట్టడం వల్ల కాదు. ఆయన ఇచ్చినదాన్ని రాసుకోవడానికి రికార్డు కాగితం మీద గడి లేకపోవడం వల్ల. ఈ సంగతి అర్థం కావాలంటే స్టూడియో ఆల్బమ్ అంటే ఏంటి, లైవ్ ఆల్బమ్ అంటే ఏంటి, రెండింటిలో ఏది ఏం దాచిపెడుతుంది అనేది ముందు చూడాలి.

బృందం ఎలా కలిసింది

బ్లూస్ అనేది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్ల పాట. పత్తి చేలల్లో, రైలు కట్టల మీద, జైళ్లలో బతుకు ఈడ్చినవాళ్ల నోట్లోంచి వచ్చింది. దాన్నే కరెంటు గిటార్లు, పెద్ద డ్రమ్ములు పెట్టి వాయిస్తే బ్లూస్ రాక్ అన్నారు. 1960లు, 70లలో ఇలా వాయించి పేరు తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు.

ఆల్మన్ బ్రదర్స్‌లో ఆరుగురు. డ్వేన్ ఆల్మన్ గిటార్, తమ్ముడు గ్రెగ్ ఆల్మన్ పాట, ఆర్గన్. డిక్కీ బెట్స్ రెండో గిటార్, బెర్రీ ఓక్లీ బేస్ గిటార్. డ్రమ్ముల మీద ఇద్దరు: బుచ్ ట్రక్స్, జైమో. జైమో నల్లజాతి మనిషి, మిసిసిపీ రాష్ట్రం వాడు. అంతకుముందు ఓటిస్ రెడ్డింగ్ లాంటి పెద్ద గాయకుల వెంట ఊరూరా తిరిగి వాయించినవాడు. డ్వేన్‌తో అందరికంటే ముందు చేరింది ఆయనే.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కలిశారు. తర్వాత జార్జియా రాష్ట్రం మేకన్ అనే ఊరికి మకాం మార్చారు. జాతుల మధ్య వేరు గదులు, వేరు తలుపులు పెట్టడం నేరమని చట్టం వచ్చింది 1964లో. అంటే అప్పటికి అయిదేళ్లే. అలాంటి దక్షిణాది ఊళ్లో నల్లవాడు, తెల్లవాళ్లు ఒకే ఇంట్లో ఉండి ఒకే వ్యాన్‌లో తిరగడం చూసేవాళ్లకు మామూలు విషయం కాదు. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో వీళ్లకు అన్నం పెట్టింది మేకన్‌లో చిన్న హోటల్ నడిపిన లూయిస్ హడ్సన్ అనే నల్లజాతి ఆమె. బ్యాండ్ చరిత్ర రాసిన ప్రతివాళ్లూ ఆమె పేరు రాస్తారు. అది బాగుంది కదా. మాకైతే ఆ మాట దగ్గర మన హాస్టల్ వంటమనుషులు గుర్తొచ్చారు.

రెండు స్టూడియో ఆల్బమ్‌లు

మొదటి ఆల్బమ్ పేరు కూడా బ్యాండ్ పేరే. 1969 ఆగస్టులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు, నవంబరులో వచ్చింది. బిల్‌బోర్డ్ అని అమెరికాలో అమ్మకాల లెక్క వేసే పట్టిక ఉంటుంది. అందులో ఈ ఆల్బమ్ ఎక్కిన పై మెట్టు 188. అంటే పోయినట్టే లెక్క.

రెండోది ఐడిల్‌వైల్డ్ సౌత్, 1970 సెప్టెంబరులో వచ్చింది. మేకన్ బయట వాళ్లు అద్దెకు తీసుకున్న ఒక చెరువుగట్టు ఇంటికి ముద్దుగా పెట్టుకున్న పేరు అది. వచ్చేపోయే జనంతో ఆ ఇల్లు న్యూయార్క్ ఐడిల్‌వైల్డ్ విమానాశ్రయంలా ఉండేదట! ఈ ఆల్బమ్ 38 దాకా ఎక్కింది. కొంచెం నయమే, కానీ స్టేజీ మీద వీళ్లను చూసినవాళ్లు చెప్పేదానికీ, రికార్డులో వినపడేదానికీ పొంతన కుదరలేదు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. స్టూడియోలో పాటకు కొలత ఉంటుంది. ఒక ఎల్పీ రికార్డు ఒక వైపు 20 నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. రేడియోవాళ్లకు మూడు నాలుగు నిమిషాల పాటలు కావాలి. మొదటి ఆల్బమ్‌లో "విప్పింగ్ పోస్ట్" అనే పాట అయిదు నిమిషాల పైచిలుకు ఉంటుంది, అంతే. ఆ పేరుకు అర్థం కొరడా దెబ్బల స్తంభం, మనిషిని కట్టేసి కొట్టే స్తంభం. బానిసత్వం నడిచిన నేల మీద ఆ మాట బరువు వేరు. గ్రెగ్ దాన్ని ప్రేమలో మోసపోయినవాడి బాధకు వాడుకున్నాడు. పాట బాగుంటుంది, కానీ మొదలై, చెప్పాల్సింది చెప్పి, ఆగిపోతుంది.

స్టేజీ మీద అదే పాటను వాళ్లు అలా ఆపరు. జైమో, డ్వేన్ ఇద్దరికీ జాన్ కోల్ట్రేన్, మైల్స్ డేవిస్‌ల జాజ్ అంటే పిచ్చి. ఒక చిన్న వరస పట్టుకుని దాని మీదే ఎంతసేపైనా వాయిస్తూ పోవడం, ఒకరు ముందుకెళ్తే మిగతావాళ్లు వెనక నిలబడడం జాజ్‌లో ఉన్న పద్ధతి. వీళ్లు దాన్ని బ్లూస్‌లోకి తెచ్చుకున్నారు. 1970లో దాదాపు 300 రోజులు ఊరూరా వాయించారని చెబుతారు. అంత వాయిస్తే ఒకరి చెయ్యి ఎటు పోతుందో ఇంకొకరికి ముందే తెలిసిపోతుంది. మన ఊళ్లల్లో డోలు వాయించేవాళ్లు కళ్లతోనే సైగ చేసుకుని దరువు మార్చడం మీరు చూసే ఉంటారు. కాగితం మీద ఏం ఉండదు, కలిసి బతికిన లెక్క ఉంటుంది.

1971 మార్చి, న్యూయార్క్

అందుకని మూడో ఆల్బమ్ స్టేజీ మీదే రికార్డు చేద్దాం అనుకున్నారు. న్యూయార్క్‌లో బిల్ గ్రాహం నడిపిన ఫిల్మోర్ ఈస్ట్ అనే హాలు దానికి సరిపోయింది. పాత థియేటర్, రెండున్నర వేల మందికి పైగా పడతారు. 1971 మార్చి 12, 13 తేదీల ప్రోగ్రాముల్లోంచి ఆల్బమ్ తయారైంది. బయట లారీలో పెట్టిన రికార్డింగ్ సామాను దగ్గర టామ్ డౌడ్ కూర్చున్నాడు. ప్రోగ్రాం అయ్యాక అంతా కలిసి స్టూడియోకి వెళ్లి ఆ రాత్రి టేపులు వినేవాళ్లు. ఏది బాగా వచ్చింది, ఏది మళ్లీ వాయించాలి అని అక్కడే తేల్చుకునేవాళ్లు.

జూలైలో రెండు ఎల్పీల సెట్టు వచ్చింది. నాలుగు వైపులు, ఏడే పాటలు! రెండో వైపు మొత్తం ఒకే పాట, 19 నిమిషాలు. నాలుగో వైపు మొత్తం "విప్పింగ్ పోస్ట్", దాదాపు 23 నిమిషాలు. స్టూడియోలో అయిదు నిమిషాలున్న పాటే. మధ్యలో వాయిద్యాలు తగ్గి తగ్గి దాదాపు ఆగిపోయినంత పనవుతుంది, మళ్లీ ఎక్కడినుంచో అందుకుంటుంది. మా రూంలో మొదటిసారి పెట్టినప్పుడు మాలో ఇద్దరు "అయిపోయిందిరా" అని లేచారు. ఇంకా సగమే అయింది.

ఈ ఆల్బమ్ పట్టికలో 13 దాకా ఎక్కింది. అక్టోబరు 25న బంగారు రికార్డు గుర్తింపు వచ్చింది. నాలుగు రోజులకు, అక్టోబరు 29న, మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. వయసు 24. మాకంటే నాలుగేళ్లే పెద్ద.

లైవ్ అంటే ఉన్నది ఉన్నట్టు అని కూడా అనుకోవద్దు. "స్టార్మీ మండే" పాటలో మౌత్ ఆర్గన్ వాయించిన ముక్కను ఆ ఎల్పీ కోసం కోసేశారు. 19 నిమిషాల పాటలో కూడా అతుకు ఉంది. అంటే లైవ్ ఆల్బమ్‌కి కూడా కత్తెర ఉంటుంది. ఎవరో ఒకరు కూర్చుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయిస్తారు. చరిత్ర పుస్తకానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

మందు సీసా

ఇప్పుడు అసలు విషయం. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట "స్టేట్స్‌బరో బ్లూస్". తెరవగానే స్లైడ్ గిటార్ వినపడుతుంది. స్లైడ్ అంటే వేలికి గాజు గొట్టమో, ఇనుప గొట్టమో తొడుక్కుని తీగ మీద జార్చడం. స్వరం మెట్లు మెట్లుగా కాకుండా మనిషి గొంతులా జారుతుంది, ఏడ్చినట్టు, పిలిచినట్టు.

డ్వేన్ ఇది ఎలా నేర్చుకున్నాడో తమ్ముడు గ్రెగ్ చాలాసార్లు చెప్పాడు. 1968లో డ్వేన్ పుట్టినరోజు. గుర్రం మీంచి పడి మోచేతికి దెబ్బ తగిలి ఉంది, జలుబు కూడా. గ్రెగ్ ఒక జలుబు మాత్రల సీసా, ఒక కొత్త రికార్డు తెచ్చి ఇచ్చాడు. ఆ రికార్డు తాజ్ మహల్ అనే గాయకుడిది. పేరు మన ఆగ్రా తాజ్‌మహల్‌దే, మనిషి మాత్రం అమెరికా నల్లజాతి వాడు. అందులో "స్టేట్స్‌బరో బ్లూస్" ఉంది. డ్వేన్ అది విని, మాత్రలు పారబోసి, సీసా మీద కాగితం కడిగేసి, వేలికి తొడుక్కుని మొదలుపెట్టాడు. బతికినన్నాళ్లూ అలాంటి మందు సీసాతోనే స్లైడ్ వాయించాడు.

ఈ కథ సంగీతం మీద రాసే పుస్తకాలన్నిటిలో ఉంటుంది. మేము అడిగేది ఒకటే. ఆ తాజ్ మహల్ రికార్డులో డ్వేన్‌ని అంతగా పట్టుకున్న ఆ గిటార్ వాయించింది ఎవరు?

జెస్సీ ఎడ్ డేవిస్. 1944లో ఓక్లహోమా రాష్ట్రంలో పుట్టాడు. ఆయన రక్తంలో నాలుగు తెగలు ఉన్నాయి: కయోవా, కమాంచి, మస్కోగీ, సెమినోల్. అమెరికా ఆదివాసీ. ఆయన వాయించిన తీరు విని, ఆయన కంటే రెండేళ్లు చిన్నవాడు స్లైడ్ నేర్చుకున్నాడు. ఫిల్మోర్ రికార్డులో ఆ పాట కట్టుబాటు కూడా తాజ్ మహల్ బృందం కట్టిన దాన్నే పట్టుకుని ఉంటుంది.

లేబుల్ మీద పాట రాసినవాడి పేరు ఉంటుంది. అది మెక్‌టెల్. బ్లైండ్ విల్లీ మెక్‌టెల్, జార్జియాలోనే పుట్టిన నల్లజాతి గాయకుడు. చూపులేదు, పన్నెండు తీగల గిటార్ మీద వీధుల్లో పాడుకుని బతికాడు. ఈ పాటను 1928లో రికార్డు చేశాడు. 1959లో చనిపోయాడు. తన పాట ఇంతమంది దగ్గరకు వెళ్లడం ఆయన చూడలేదు.

అలా రాసినవాడికి గడి ఉంది. పాడినవాడికి గడి ఉంది. "ఈ తీరులో వాయించొచ్చు" అని మొదట చూపించినవాడికి గడి లేదు. చట్టం మాటలకు, వరసకు హక్కు ఇస్తుంది, వాయించే తీరుకు ఇవ్వదు. గ్రెగ్ నోటితో చెప్పి ఉండకపోతే ఆ సీసా కథ కూడా మనకు తెలిసేది కాదు.

మేకన్ నేల

ఇంకో సంగతి మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టింది. బ్యాండ్ ఉన్న మేకన్ ఊరు 1823లో కట్టారు. అంతకుముందు అది మస్కోగీల నేల. ఊరి పక్కనే ఓక్మల్గీ అనే చోట వాళ్ల పూర్వీకులు పోసిన పెద్ద పెద్ద మట్టి దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో వాటిని కోసుకుంటూ రైలు పట్టాలు వేశారు. 1820లలో వరసగా ఒప్పందాలు రాయించుకుని జార్జియాలో మస్కోగీల భూమి లాగేసుకున్నారు. వాటిలో ఒకటి తెగ సభ ఒప్పుకోకపోయినా కొద్దిమందితో సంతకం పెట్టించిన ఒప్పందం. 1830లలో మిగిలినవాళ్లను సైన్యం కాపలాతో మిసిసిపీ నది అవతలికి, ఇప్పటి ఓక్లహోమాకు తోలారు.

ఆ ఓక్లహోమాలో వందేళ్ల తర్వాత పుట్టిన పిల్లాడు జెస్సీ. తన తెగల్లో ఒకటైన మస్కోగీలను వెళ్లగొట్టిన నేలకే ఆయన గిటార్ తీరు రికార్డు రూపంలో తిరిగొచ్చింది. ఆ ఊళ్లో కుర్రాళ్లు దాంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. మేము ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. డ్వేన్ దొంగ కాదు, విని నేర్చుకున్నాడు. పాట అలాగే బతుకుతుంది. కానీ నేల పోయినప్పుడు కాగితం ఉంది, సంతకం ఉంది, ఎవరు తీసుకున్నారో తేదీతో సహా చెప్పొచ్చు. పాట తీరు పోయినప్పుడు ఆ పాటి కాగితం కూడా ఉండదు.

జెస్సీ తర్వాత ఏం చేశాడో కూడా చెప్పాలి. ఫిల్మోర్ ఆల్బమ్ వచ్చిన వేసవిలోనే, 1971 ఆగస్టు 1న, న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం మన రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి పెట్టిన ప్రోగ్రాంలో స్టేజీ మీద ఉన్నాడు. జాన్ లెనన్ రికార్డుల్లో వాయించాడు. సొంత ఆల్బమ్‌లు తీశాడు. 1980లలో జాన్ ట్రుడెల్ అనే డకోటా తెగ ఉద్యమకారుడి మాటలకు సంగీతం కట్టాడు. ట్రుడెల్ అల్కట్రాజ్ దీవిని ఆదివాసీలు ఆక్రమించినప్పుడు వాళ్ల గొంతుగా రేడియోలో మాట్లాడినవాడు. జెస్సీ 1988లో నలభై మూడేళ్లకే పోయాడు.

స్టేజీ మీద చెప్పిన పేరు

ఇంత చెప్పాక లైవ్ ఆల్బమ్ గొప్పతనం ఏంటో మాకు ఇంకో రకంగా అర్థమైంది. పొడుగు పాటలు ఉండడం ఒకటే కాదు. స్టూడియో రికార్డులో పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం ఉంటుంది. లైవ్ రికార్డులో మాటలు ఉంటాయి.

ఫిల్మోర్ రికార్డు జాగ్రత్తగా వినండి. "డన్ సంబడీ రాంగ్" ముందు డ్వేన్ అది ఎల్మోర్ జేమ్స్ పాట అని జనానికి చెబుతాడు. "స్టార్మీ మండే" ముందు ఇది బాబీ బ్లాండ్ పాట అంటాడు, అని వెంటనే సర్దుకుని, నిజానికి టీ బోన్ వాకర్‌ది అంటాడు. వేల మంది ముందు, అరుపుల మధ్య, పాట ఎవరిదో సరిగ్గా చెప్పడానికి ఒక్క క్షణం ఆగాడు. ఆ సవరణను కత్తెర వేయకుండా ఉంచారు. యాభై ఏళ్లయినా అది అలాగే వినపడుతోంది. మౌత్ ఆర్గన్ ముక్క పోయింది, ఈ మాట మిగిలింది.

ఆ ఆల్బమ్ అట్ట కూడా చూడండి. ముందు వైపు మేకన్‌లో ఇటుక గోడ దగ్గర సామాను పెట్టెల మీద కూర్చుని ఆరుగురు నవ్వుతుంటారు. వెనక వైపు అదే గోడ దగ్గర ఆ పెట్టెలు మోసి, వైర్లు బిగించి, బండి నడిపేవాళ్లు ఉంటారు. సామాను మోసేవాళ్ల ఫోటో అట్టంతా వేసిన రికార్డు అది.

ఆ తర్వాత వచ్చిన ఈట్ ఎ పీచ్ 1972 ఫిబ్రవరిలో విడుదలైంది. సగం స్టూడియో, సగం లైవ్. ఫిల్మోర్ రికార్డు చివర "విప్పింగ్ పోస్ట్" అయిపోయాక ఇంకో పాట డ్రమ్ములు మొదలై వినపడకుండా పోతాయి. అదే "మౌంటెన్ జామ్". ఆ పాట 33 నిమిషాలూ ఈ ఆల్బమ్‌లో వచ్చాయి. అప్పటికి డ్వేన్ లేడు. 1972 నవంబరులో బెర్రీ ఓక్లీ కూడా మోటార్‌సైకిల్ ప్రమాదంలోనే పోయాడు, అతనికీ 24 ఏళ్లే. 1973లో వచ్చిన బ్రదర్స్ అండ్ సిస్టర్స్ స్టూడియో ఆల్బమ్, అది మొదటి స్థానానికి వెళ్లింది. 1976లో ఇంకో లైవ్ ఆల్బమ్ తెచ్చారు, దానికి ఫిల్మోర్ పేరు రాలేదు. అంటే లైవ్ అయితే గొప్ప, స్టూడియో అయితే తక్కువ అని లెక్క లేదు. స్టూడియోలో అయిదు నిమిషాల పాట కట్టకపోతే స్టేజీ మీద 23 నిమిషాలు నడిచేది కాదు.

మన ఇళ్లల్లో కాలేజీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనలో చాలామందిమి. పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఊళ్లో ఉన్నారు, ఫోన్లు మన చేతుల్లో ఉన్నాయి. సెలవులకు వెళ్లినప్పుడు పండగ పాటలు, పెళ్లి పాటలు, డోలు దరువులు తీసి గ్రూపులో పెడుతున్నాం. మంచిదే. కానీ "మన ఆదివాసీ పాట" అని ఒక్క మాట రాసి వదిలేస్తున్నాం.

మేము ఒకటి అనుకున్నాం, మీరూ ఆలోచించండి. పాట పెడితే కింద పాడినవాళ్ల పేరు, ఊరు రాద్దాం, వాళ్లను అడిగే రాద్దాం. ఎవరి దగ్గర నేర్చుకున్నావని కూడా అడిగి ఆ పేరూ రాద్దాం. వీడియో మొదట్లో తాత "ఇది మా మేనమామ దరువు" అని అంటే ఆ ముక్క కోసెయ్యొద్దు. పాట నిడివి తగ్గినా ఫర్వాలేదు, ఆ మాట ఉండాలి.